గిర్నీల గడ్డమీద గృహప్రవేశం

ఇండ్ల అమ్మకపు ప్రకటనలు చదవడం నాకు చిరకాలంగా అలవాటు. కొనగల స్తోమత ఉన్నందువల్ల కాదు. ఒక నగరం తన్ను గురించి తాను ఏమని చెప్పుకోవడానికి ఉబలాటపడుతున్నదో ఆ ప్రకటనలలో తెలిసినంతగా నగర చరిత్రలలో కూడా తెలియదు. వెనుకటి రోజులలో "మంచినీటి వసతి కలదు, బడి దగ్గర, గాలి వెలుతురు ధారాళము" అని ఉండేది. ఇప్పటి ప్రకటనకర్తలకు నీళ్ల ఊసు అక్కరలేదు. ఇరుగుపొరుగువారి అభిరుచిని అమ్ముతారు. ఇటీవల నా చేతికి వచ్చిన ఒక ప్రకటనలో, ముంబయి నగరంలోని లోయర్ పరేల్‌లో ముప్పైనాలుగవ అంతస్తున ఒక పడకగది గల ఫ్లాటు అమ్మకానికి ఉన్నదని వ్రాసి, దాని కింద పెద్ద అక్షరాలతో "ఒకనాటి మిల్లుల వాడ, నేటి కళాకారుల వాడ" అని వేశారు.

ఆ ప్రకటనను నాకు పంపినవాడు మేనల్లుడి వరుస అయిన ఒక యువకుడు. సొంత ఊరు వరంగల్లు. చదువు ముగించి ఎనిమిదేండ్ల క్రితం ముంబయి చేరి, చలనచిత్రాలకు ధ్వనిమిశ్రణం చేసే ఒక స్టూడియోలో పనిచేస్తున్నాడు. శబ్దాన్ని నమ్ముకొని బ్రతికేవాడు కనుక మా వృత్తికి దగ్గరి చుట్టమని నేను వానిని వేళాకోళం చేస్తుంటాను. వాని స్టూడియో ఒక పాత బట్టల మిల్లు ఆవరణలోనే ఉన్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. వాని తాత ఆ చుట్టుపట్ల మిల్లులలో పాతికేండ్లకు పైగా మగ్గం నడిపాడు. అమ్మకానికి పెట్టిన ఫ్లాటు ఏ మిల్లు నేలమీద లేచిన మేడలో ఉన్నదో, ఆ మిల్లులోనే ఆయన చివరి పదకొండేండ్లు గడిచినవి. "మామా, నువ్వొకసారి వచ్చి చూసిపో. బాపు వరంగల్ల ఇల్లు అమ్ముతనంటున్నడు. నాకేం తోస్తలేదు" అని వాడు ఫోనులో అన్నాడు. వెళ్లి చూసి వచ్చాను.

ఆ ప్రాంతాన్ని మరాఠీవారు గిరణ్‌గావ్ అంటారు. గిరణీ అంటే మిల్లు, గావ్ అంటే ఊరు. మన తెలంగాణములో పిండి పట్టే యంత్రాన్ని గిర్నీ అంటాము గదా, అదే మాట. పరేల్, లాల్‌బాగ్, వర్లీ, చించ్‌పోక్లీ, భాయ్‌ఖళా, నాయిగావ్ అన్నీ కలిసి ఈ గిర్నీల ఊరు. 1854లో కావస్‌జీ నానాభాయి దావర్ అనే పారసీ వర్తకుడు తాడ్‌దేవ్‌లో నూలు మిల్లు స్థాపనకు పూనుకొన్నాడు. రెండేండ్లకు అది పని ప్రారంభించినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు పోవడం ఆగగానే, మన పత్తికి బంగారపు ధర పలికినది. 1865లో యుద్ధం ముగియగానే ఆ ధర కూలి వర్తకులు ఎందరో దివాలా తీశారు. అయినా ఆ నాలుగేండ్లలో నగరానికి చేరిన ధనము, పిమ్మట మిల్లుల రూపంలో ఉత్తరానికి ప్రాకినది. ఉత్తరానికే ఎందుకంటే, దక్షిణపు కొనన ఉన్న కోటలో చోటు లేదు. పరేల్ పరిసరాలలో సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేల చవుకగా దొరికినది. రైలుమార్గం ప్రక్కనే ఉన్నది. పైగా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. పొడిగాలికి నూలు పోగు తెగిపోతుంది. తేమలో సాగుతుంది. మనకు చెమట పట్టించి విసిగించే ఆ గాలియే మిల్లు యజమానులకు వరమైనది.

ఆ భవనాల కట్టడాన్ని గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు సాగలేను. నూలు వడికే విభాగాలు మూడు నాలుగు అంతస్తులలో ఉండేవి. మగ్గాలు మాత్రం నేలమీదనే. వేయి మగ్గాలు ఒక్కసారి ఆడితే పై అంతస్తులు ఆ అదురుకు తట్టుకోలేవు. మగ్గాల కొట్టాలకు రంపపు పళ్లవలె వరుసగా వాలిన కప్పులు వేసి, ఒక వాలుకు పెంకులు, నిటారుగా ఉన్న రెండవ ముఖానికి అద్దాలు పెట్టేవారు. అద్దపు ముఖం ఉత్తరానికి ఉండేది. ఎండ సూటిగా పడదు, వెలుతురు మాత్రం ఉదయం నుండి సాయంత్రం వరకు ఒకే తీరుగా ఉంటుంది. బట్టలో తప్పును, రంగులో తేడాను పసిగట్టాలంటే అటువంటి వెలుతురు కావాలి. చిత్రకారులు కూడా తమ గదులకు ఉత్తరపు వెలుతురునే కోరుకుంటారు. ఈ పాత కొట్టాలలోకి చిత్రశాలలు, ఛాయాచిత్రకారులు, ప్రకటనల సంస్థలు వచ్చి చేరడానికి తక్కువ అద్దె ఒక కారణమైతే, ఈ ఎత్తైన కప్పులు, ఈ వెలుతురు, ఇనుప స్తంభాల నడుమ అడ్డులేని విశాలత మరియొక కారణం.

ఇక మనవారి మాట. ముంబయిలో కామాఠీపురా అనే పేట ఉన్నది. దాని పేరు నేడు వేరు కారణాలకు ప్రసిద్ధమైనది గాని, ఆ పేరు వచ్చినది నిజాము రాజ్యం నుండి వలసపోయి నగరపు రోడ్లు, భవనాలు కట్టిన తెలుగు కూలీల వలన. వారిని అక్కడ కామాఠీలనేవారు. వారిలో కొందరు కంట్రాక్టర్లుగా ఎదిగి ధనవంతులైనారు. 1873లో పుణెలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు ముంబయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారు ఉన్నారు. ఫూలే సహచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టాడు. వారానికి ఒకనాడు సెలవు కావాలని ఆయన చేసిన పోరాటము 1890లో ఫలించినది. కామాఠీల వెనుక పద్మశాలీలు వచ్చారు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గం మీద కూడు దొరకక, చేతిలోని విద్యను వెంటబెట్టుకొని పరేల్‌లో, వర్లీలో మరమగ్గాల ముందు నిలిచారు. నా మేనల్లుని తాత ఆ కోవలోనివాడు.

ఆయన కాపురమున్నది ఒక చాల్‌లో. నడవ వెంట వరుసగా గదులు. ఒక్కొక్క గది సుమారు పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అంతస్తుకంతకూ కలిపి ఒక మూలన మరుగుదొడ్లు. పెండ్లాం బిడ్డలను ఊళ్లో వదలి వచ్చినవారు ఒక్కొక్క గదిలో పదిమందికి పైగా సర్దుకొనేవారు. పగటి పాళీవారు పనికి పోగానే రాత్రి పాళీవారు అదే చాపమీద పడుకొనేవారు. చాప చల్లారేది కాదని ఆ పిల్లవాని నాయనమ్మ చెపుతుంది. ఆమెకిప్పుడు ఎనభై దాటినవి, వరంగల్లులోనే ఉన్నది. వీరందరికీ అన్నం వండిపెట్టే ఇండ్లను ఖానావళులనేవారు. చాలావరకు వాటిని నడిపినది ఆడవారే. 1975లో ప్రేమా పురవ్ వారిని అన్నపూర్ణా మహిళా మండలిగా సంఘటితపరచి, బ్యాంకు అప్పులు ఇప్పించినది. మా అత్తగారి వరుస అయిన ఈ ముసలమ్మ కూడా కొంతకాలం ఏడుగురికి వండిపెట్టినది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. కొంకణంవారు పచ్చిపులుసు తిని మొదట ముఖం చిట్లించి, తరువాత అడిగి మరీ పోయించుకొనేవారట.

ప్రకటనలోని "నేటి కళాకారుల వాడ" అనే మాట నాకు అందుకే మింగుడుపడలేదు. కళాకారులు నేడు వచ్చినవారా? పరేల్‌లో 1922లో వెలసిన దామోదర్ హాలులో మిల్లు కార్మికులు నూరేండ్లపాటు నాటకాలు ఆడారు. పగలంతా మగ్గం దగ్గర నిలబడి, రాత్రి ముఖానికి రంగు పూసుకొన్నవారు వారు. ఆ హాలును పునర్నిర్మాణం కొరకు 2023లో మూసివేశారు. అన్నాభావు సాఠే, అమర్ షేఖ్ వంటి ప్రజాగాయకులు తమ శ్రోతలను సంపాదించుకొన్నది ఈ వీథులలోనే. మరాఠీ కవి నారాయణ్ సుర్వే తల్లిదండ్రులెవరో తెలియని పసిబిడ్డగా ఒక మిల్లు కార్మికునికి దొరికి, ఆయన ఇంట పెరిగి, ఆయన ఇంటిపేరునే ధరించాడు. మన ఆడవారు చాల్ ముంగిట బతుకమ్మ ఆడేవారు. తంగేడు పూవు దొరకక బంతితో, చేమంతితో సరిపెట్టుకొనేవారు. వీటిలో ఏదీ ఇండ్ల ధరను పెంచినది కాదు గనుక, ప్రకటన వ్రాసినవారి లెక్కలో కళ కాలేదు కాబోలు.

1982 జనవరి 18న సమ్మె మొదలైనది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వం. అరవైకి చేరువగా ఉన్న మిల్లులు, రెండున్నర లక్షల కార్మికులు. జీతము, బోనసు కోరికలతో పాటు, గుర్తింపు పొందిన సంఘం ఒక్కటే మాట్లాడాలనే 1946 నాటి చట్టం పోవాలన్నది వారి పట్టుదల. ఏడాది గడిచినది, ఏడాదిన్నర గడిచినది. సమ్మె ముగిసినదని లాంఛనంగా ఎవరూ ప్రకటించలేదు. అది అట్లే ఇంకిపోయినది. లక్షమందికి పైగా పనులు పోయినవి. బట్ట నేయడం మాత్రం ఆగలేదు. భివండీ వంటి చోట్ల చిన్న చిన్న మరమగ్గాల కొట్టాలకు తరలిపోయినది. అక్కడ సంఘమూ లేదు, సెలవూ లేదు. ఈ తాత కూడా భివండీలో నాలుగేండ్లు నేసి, దగ్గు ముదిరి వరంగల్లు చేరాడు. వరంగల్లులో 1934లో నిజాము ప్రభుత్వ కాలాన వెలసిన ఆజంజాహి మిల్లు అప్పటికి ఇంకా నడుస్తుండేది. కాని యాభై దాటిన మనిషిని ఎవరు తీసుకుంటారు? ఆ మిల్లు కూడా ఈ శతాబ్దపు ఆరంభంలో మూతపడి, ఆ నేల ఇండ్ల స్థలాలైనది.

మగ్గం ఆగిన తరువాత మిల్లులో మిగిలేది నేల. ముంబయి నడిబొడ్డున సుమారు 600 ఎకరాల నేల. 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక నియమం చేసినది. మిల్లు భూమిని అభివృద్ధి చేయదలచినవారు మూడవ వంతు నగరపాలక సంస్థకు ఉద్యానాల వంటి ఖాళీ స్థలాల కొరకు, మూడవ వంతు గృహనిర్మాణ సంస్థ అయిన మ్హాడాకు సామాన్యుల ఇండ్ల కొరకు ఇవ్వాలి. మిగిలిన మూడవ వంతు యజమానిది. చక్కని పంపకమే. కాని 2001లో దానిని సవరించి, ఈ పంపకం కట్టడాలు లేని ఖాళీ నేలకే వర్తిస్తుందన్నారు. మిల్లు ఆవరణలో ఖాళీ నేల ఎంత ఉంటుంది? కొట్టాలు, గిడ్డంగులు, చిమ్నీ, బాయిలరు గది ఉన్న మేర అంతా లెక్క నుండి తొలగిపోయినది. 2005లో జాతీయ జౌళి సంస్థ తన ఐదు మిల్లుల భూమిని వేలం వేయగా రెండు వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చినది. ఆ ఏడే హైకోర్టు ఈ సవరణ అర్థాన్ని పౌరులకు అనుకూలంగా చెప్పినది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ఇప్పుడు లోయర్ పరేల్ ఆకాశంలో కనిపించే మేడలలో అనేకం ఆ తీర్పుకు తరువాతివి. సుధీర్ పట్వర్ధన్ అనే చిత్రకారుడు 2001లోనే "లోయర్ పరేల్" పేరుతో ఒక పెద్ద చిత్రం వేశాడు. కూలుతున్న మిల్లులు, లేస్తున్న మేడలు, నడుమ మనుషులు.

మేము చూడబోయిన మేడ గేటు దగ్గర పాత చిమ్నీని కూల్చకుండా ఉంచారు. దాని చుట్టూ రాత్రిపూట నీలిరంగు దీపాలు వెలుగుతాయట. క్రింది చావడిలో గాజు పెట్టెలో నాలుగు కండెలు, ఒక నాడె పెట్టారు. నా మేనల్లుడు నాడెను చూసి, "తాత దీన్ని చూస్తే ఏమంటుండెనో" అన్నాడు. అమ్మకపు మధ్యవర్తి, మర్యాదస్తుడైన యువకుడు, అది అసలైన నాడె అని గర్వంగా చెప్పాడు. లిఫ్టు ముప్పైనాలుగవ అంతస్తుకు చేరేలోగా చెవులు గళ్లుమన్నవి.

ఫ్లాటు బాగున్నది. ఉన్నమాట ఉన్నట్లు చెప్పాలి. హాలులో పడమటి గోడ మొత్తం అద్దమే. దూరాన సముద్రం. వంటగది చిన్నదైనా పొగ పోయే దారి, గిన్నెలు కడిగే తావు తెలివిగా అమర్చారు. పడకగది కిటికీలోంచి తూర్పున కర్రీరోడ్ రైలుపట్టాలు, వాటి ప్రక్క పెంకుల కప్పులు, మేడమీద ఆరవేసిన చీరలు. ఆ చీరలు ఆరుతున్నది చాల్ నడవలలో. అంత ఎత్తు నుండి రైలు చప్పుడు కూడా వినరాదు. మేనల్లుడు కన్నులు మూసుకొని కొంతసేపు నిలబడి, "ఇక్కడ రికార్డింగ్ చేసుకోవచ్చు మామా" అన్నాడు. వాని భార్య ఒక ప్రకటనల సంస్థలో పనిచేస్తుంది. ఆ అమ్మాయి మాత్రం కొళాయిలన్నీ తిప్పి చూసినది.

ప్రకటనలో 700 చదరపు అడుగులని ఉన్నది. టేపు పెట్టి కొలిస్తే 430. తక్కినది మెట్లు, లిఫ్టు, చావడి, ఈతకొలను వంటి ఉమ్మడి వసతులలో మన పాలికి వచ్చే వాటా అట. ఇది మోసమని నేననను. అందరూ చేసే లెక్కే. కాని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, మహారాష్ట్రలో 2017 మే నెల నుండి మహారేరా అమలు చేస్తున్న చట్టం, తాను నిర్వచించిన కార్పెట్ వైశాల్యం ఎంతో స్పష్టంగా చెప్పాలంటున్నది. బయటి గోడలు, బాల్కనీ, గొట్టాల సందులు అందులో చేరవు. లోపలి అడ్డుగోడలు చేరుతాయి. ఇల్లు చూడబోయేవారు సంచిలో ఒక టేపు వేసుకొని పోవడం మంచిది. టేపు తీయగానే మధ్యవర్తుల మాటతీరు కొంచెం మారుతుంది.

ధర రెండు కోట్ల నలభై లక్షలు. స్టాంపు సుంకం నూటికి ఆరు వంతున పద్నాలుగు లక్షల నలభై వేలు. ఆడవారి పేరనే కొంటే మహారాష్ట్రలో నూటికి ఒకటి తగ్గుతుంది, అంటే రెండు లక్షల నలభై వేలు మిగులు. మొగుడూపెండ్లాలిద్దరి పేరనైతే ఆ తగ్గింపు లేదు. బ్యాంకు వారు కోటీ అరవై లక్షలు ఇస్తామన్నారు. ఎనిమిదిన్నర వడ్డీకి, ఇరవై ఏండ్లకు. నెలకు లక్షా ముప్పైతొమ్మిది వేలు. లెక్క కట్టి చూస్తే ఇరవై ఏండ్లలో బ్యాంకుకు చేరేది మూడు కోట్ల ముప్పైమూడు లక్షలు. దంపతులిద్దరికీ ఉద్యోగాలున్నంతకాలం ఇది సాగుతుంది. సినిమా, ప్రకటన, రెండూ ఒక గాలికి వంగే చెట్లే. బ్యాంకు ఇవ్వగా చాలని సొమ్ము కొరకే వరంగల్లు ఇల్లు అమ్మాలన్న ప్రస్తావన వచ్చినది. తాత భివండీ నుండి తెచ్చిన డబ్బుతో మొదలుపెట్టి, తండ్రి గదివెంట గది వేసి పూర్తిచేసిన ఇల్లు అది. నాయనమ్మ ఉన్నది అందులోనే.

అమ్మజూపినవాడు మొదటి యజమాని కాడు, రెండవవాడు. మేడ కట్టి ఎనిమిదేండ్లయినది. కాగితాలు చూస్తుండగా ఒక సంగతి బయటపడినది. నివాసయోగ్యతా పత్రం, ఓసీ అంటారే, అది ముప్పైయవ అంతస్తు వరకే వచ్చినది. పైవాటికి ఇంకా రాలేదు. "అది లాంఛనం సార్, నేడో రేపో వస్తుంది, అందరూ కాపురాలుంటున్నారు" అని మధ్యవర్తి అన్నాడు. నిజమే, అందరూ ఉంటున్నారు. నీళ్లు వస్తున్నవి, దీపాలు వెలుగుతున్నవి. అక్కడ నేను వానికి వర్లీలోని కంపా కోలా ఆవరణ సంగతి చెప్పవలసి వచ్చినది.

అది కూడా ఒకనాటి పరిశ్రమ స్థలమే. శీతల పానీయాల కంపెనీకి నగరపాలక సంస్థ 1955లో కౌలుకిచ్చిన నేల. 1980లో అక్కడ ఇండ్లు కట్టుకోవడానికి అనుమతి దొరికినది. ఐదారు అంతస్తులకు మాత్రమే అనుమతి ఉండగా, ఏడు భవనాలు లేచినవి, అందులో ఒకటి ఇరవై అంతస్తులు. అనుమతి లేని అంతస్తులు మొత్తం 35 అని తేలినది. కొన్నవారు మధ్యతరగతివారు, ఉద్యోగ విరమణ చేసినవారు. ఏండ్ల తరబడి కాపురమున్నారు. 2013 ఫిబ్రవరిలో ఆ అంతస్తులను కూల్చవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పినది. ఆ ఏడాది నవంబరులో గేటు విరగగొట్టి యంత్రాలు లోపలికి వచ్చినప్పుడు వృద్ధులు అడ్డుపడి నిలబడిన దృశ్యం దేశమంతా చూసినది. మరుసటి సంవత్సరం జూన్‌లో ఆ ఇండ్లకు గ్యాసు, నీరు, విద్యుత్తు నిలిపివేశారు. మా వాడు చూసిన ఫ్లాటు అటువంటిదని నేననడం లేదు. ఓసీ ఆలస్యానికి సవాలక్ష కారణాలుంటాయి, చాలావరకు నిర్దోషమైనవే. కాని ఆ కారణమేమిటో అమ్మేవాడు కాగితం మీద చూపాలి. నోటిమాట మీద ముప్పైనాలుగవ అంతస్తు నిలవదు.

ఇంకొక విషయం కూడా అడగమన్నాను. అగ్నిమాపక శాఖ వారి నిరభ్యంతర పత్రం, మెట్ల దారిలో అడ్డంకులేమైనా ఉన్నవా అని. మిల్లు ఆవరణలను కొత్త పనులకు వాడడంలో ముంబయి ఒక ఘోరాన్ని చూసినది. 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి దాటిన తరువాత కమలా మిల్స్ ఆవరణలో మేడపైని విందుశాలలో మంటలు లేచి పద్నాలుగురు మరణించారు. అంతకు ముందు సెప్టెంబరు 29న, ఆ వాడకు కూతవేటు దూరాన, అప్పటి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ రైలు వంతెనపై తొక్కిసలాటలో ఇరవైమూడు మంది పోయారు. మిల్లు కాలం నాటి ఇరుకు మెట్లు, మేడల కాలం నాటి జనం. మేడలు కట్టినంత వేగంగా ఎవరూ మెట్లు కట్టలేదు. మరుసటి ఏడు ఆ స్టేషను పేరు ప్రభాదేవిగా మారినది.

తిరుగు ప్రయాణంలో వరంగల్లులో దిగి నాయనమ్మను చూశాను. ఫ్లాటు ఫోటోలు చూపితే ఆమె సముద్రాన్ని చూడలేదు. చిమ్నీని చూసినది. "దాని కింద సీటీ కొడితె మా చాల్‌ల పిల్లలు లేస్తుండిరి" అన్నది. ఇల్లు అమ్మే విషయం నేను ఎత్తలేదు, ఆమే ఎత్తినది. "పిలగాడు అక్కడ బతుకుతున్నడు, వానికి నీడ కావాలె, అమ్మితె అమ్మురి. గని ఒకటి అడుగు నాయినా. మీ మామకు సర్కారు ఇస్తనన్న ఇల్లు ఏమైంది?"

ఆ ఇల్లు సంగతి చెప్పాలి. మిల్లు భూమిలో మ్హాడాకు వచ్చిన వాటాపై కట్టే ఇండ్లలో కొన్ని పాత కార్మికులకు, వారి వారసులకు లాటరీ పద్ధతిలో ఇస్తున్నారు. మొదటి లాటరీ 2012లో జరిగినది. ఒక్కొక్కటి 225 చదరపు అడుగుల ఇల్లు. దరఖాస్తులు పెట్టుకొన్న కుటుంబాలు లక్షా డెబ్బైవేలకు పైగా. కట్టిన ఇండ్లు వేలలోనే. 2020 మార్చిలో మూడు మిల్లుల నేలమీద కట్టిన ఇండ్లకు తీసిన లాటరీలో 3,894 ఇండ్లు. నగరంలో నేల లేదని, తరువాతి ఇండ్లను దూరాన శేలూ, వాంగణీలలో కడతామని ప్రభుత్వం ప్రతిపాదించగా, మేము నేసినది పరేల్‌లో, ఇల్లు అంత దూరాన ఎందుకని కార్మికులు 2025లో కూడా ఊరేగింపులు తీశారు. ఈ తాత పేర దరఖాస్తు ఉన్నది. ఆయన పోయాడు, దరఖాస్తు ఉన్నది. మిల్లు హాజరు టిక్కెట్టు, ప్రావిడెంటు ఫండు చీటీ, ఒక జీతపు రసీదు, అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇనుప పెట్టెలో పెట్టినది నాయనమ్మ. రసీదు మీద అక్షరాలు వెలిసిపోతున్నవి. ఒకే మిల్లు నేలలో మనుమడు రెండు కోట్ల నలభై లక్షలకు 430 చదరపు అడుగులు బేరమాడుతుండగా, తాతకు రావలసిన 225 చదరపు అడుగులు ఇంకా చీటీల పెట్టెలో ఉన్నవి.

ఇటువంటి దరఖాస్తులు మన జిల్లాలలో ఇంకా అనేక ఇండ్ల ఇనుప పెట్టెలలో ఉండవచ్చును. వినేవారిలో ఎవరికైనా ముంబయి మిల్లులో పనిచేసిన తండ్రో తాతో ఉండి, కాగితాలు మిగిలి ఉంటే, వాటికి నకళ్లు తీయించుకొని, దరఖాస్తు సంఖ్యతో అర్హత పరిశీలన పూర్తయినదో లేదో మ్హాడా ముంబయి మండలిని అడిగి తెలుసుకోవాలి. వారసుల పేర్లు మార్పించుకోవడానికి వారసత్వ ధ్రువీకరణ కావాలి. అది మన తహసీలు కచేరీలోనో, న్యాయస్థానంలోనో తీసుకోవలసినదే కనుక, లాటరీ ప్రకటన వెలువడే వరకు ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టడం మేలు.

నా సలహా మా వానికి సూటిగానే చెప్పాను. వరంగల్లు ఇల్లు అమ్మవద్దు. ఓసీ లేని అంతస్తుకు బయానా ఇవ్వవద్దు. ఆ వాడలోనే ఉండాలని అంత మనసైతే అద్దెకుండు. వాడు వెంటనే ఒప్పుకోలేదు. అద్దె ఇంట్లో పదకొండు నెలలకొకసారి ఒప్పందం మారుస్తూ, సామాను మోస్తూ ఎంతకాలమని వాని ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర దానికి పూర్తి సమాధానం లేదు. భార్య మాత్రం మధ్యవర్తికి ఉత్తరం వ్రాసినది. ఓసీ నకలు, అగ్నిమాపక పత్రం, సొసైటీ బాకీలేవీ లేవనే ధ్రువీకరణ, ఈ మూడూ చూపితేనే మాట్లాడుతామని. పదిహేను రోజుల తరువాత మధ్యవర్తి ఫోను చేసి ధర పన్నెండు లక్షలు తగ్గించామన్నాడు. కాగితాల మాట ఎత్తలేదు. మరి పది రోజులకు ఇంకొక ఎనిమిది లక్షలు తగ్గినది. కాగితాలు ఇంకా రాలేదు. తండ్రి వరంగల్లులో ఇంటికి కట్టిన అమ్మకపు బోర్డును ప్రస్తుతానికి విప్పి లోపల పెట్టాడు. తాత వారసత్వ పత్రానికి దరఖాస్తు ఇచ్చి వచ్చాడు.